కణాల మధ్య ఏముందో చూస్తేనే కణజాలం అర్థమవుతుంది

మీరు ఒక ప్రశ్నగా రాసినా నిజానికి అందులో మూడు ఉన్నాయి. కణం, కణజాలం, అవయవం, అవయవ వ్యవస్థ అనే మెట్లు కంఠతా వచ్చినా శరీరంలో అవి ఎలా ఉంటాయో ఊహకు అందడం లేదన్నది మొదటిది. చర్మం కోసుకుపోతే కొద్ది రోజుల్లో మూసుకుంటుంది కదా, మోకాలి మృదులాస్థి దెబ్బతింటే ఏళ్లు గడిచినా ఎందుకు పూడదన్నది రెండోది. ద్రవంగా పారే రక్తాన్ని కణజాలం అని ఎలా అంటారన్నది మూడోది. చాలాకాలంగా కణజాల శాస్త్రం బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఈ మూడింటి జవాబూ ఒకే చోట దొరుకుతుంది. విద్యార్థులు సాధారణంగా కణం లోపల వెతుకుతారు. వెతకాల్సింది కణాల మధ్య.

ఇటుకలు పేరిస్తే గోడ, గోడలు కలిస్తే ఇల్లు అన్న పోలికతో దాదాపు ప్రతి పాఠం మొదలవుతుంది. మీ తికమకకు సగం కారణం అదే. గోడలోకి చేరినంత మాత్రాన ఇటుక మారిపోదు. కణం మారుతుంది. మృదులాస్థి నుంచి కణాలను తీసి, బల్లపరుపు గాజు పళ్లెంలో పెంచితే కొన్ని వారాల్లో అవి తమ గుణాన్ని కోల్పోతాయి. మృదులాస్థికి ప్రత్యేకమైన కొల్లాజెన్ అనే పోగుల ప్రొటీన్‌ను తయారు చేయడం మానేసి, సాగిన ఆకారంతో మామూలు తంతు కణాల్లా ప్రవర్తిస్తాయి. వాటినే మళ్లీ మెత్తని జెల్‌లో, అన్ని వైపులా పదార్థం చుట్టుముట్టి ఉండేలా ఉంచితే గుండ్రంగా మారి పాత పని మొదలుపెడతాయి. జన్యువులు అవే, మారింది పరిసరం. 2006లో ప్రచురితమైన ప్రయోగాల్లో ఎముక మజ్జ మూలకణాలను మెత్తని జెల్ మీద పెంచితే నాడీకణాల పోలికలు, గట్టి జెల్ మీద పెంచితే ఎముక కణాల పోలికలు కనిపించాయి. కింద ఉన్న పదార్థం ఎంత గట్టిగా ఉందన్నది కూడా కణానికి ఒక సమాచారమే.

అందువల్ల కణజాలం అంటే ఒకే రకం కణాల గుంపు అన్న నిర్వచనం పరీక్షకు సరిపోతుంది గానీ అర్థం చేసుకోవడానికి చాలదు. కణాలు, అవి ఒకదాన్నొకటి పట్టుకునే తీరు, వాటి మధ్య అవి స్రవించి నిలుపుకున్న పదార్థం, ఈ మూడూ కలిస్తేనే కణజాలం. ఆ మధ్య పదార్థాన్ని మాత్రిక అంటాం.

సంఖ్యలు కూడా మనల్ని దారి తప్పిస్తాయి. సుమారు 70 కిలోల పురుషుడి శరీరంలో దాదాపు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయని 2016లో వేసిన ఒక ప్రముఖ అంచనా. వాటిలో 80 శాతానికి పైగా ఎర్ర రక్తకణాలే. బరువు లెక్కకు వస్తే చిత్రం తలకిందులవుతుంది. కండర కణాలు, కొవ్వు కణాలు సంఖ్యలో ఒక శాతం కూడా లేకపోయినా మొత్తం కణాల బరువులో నాలుగింట సుమారు మూడు వంతులు వాటివే. కాబట్టి శరీరం దేనితో తయారైందంటే, లెక్కపెట్టేవారు ఒక జవాబు చెబుతారు, తూకం వేసేవారు మరొకటి చెబుతారు. అమరిక గురించి ఈ రెండూ ఏమీ చెప్పవు.

అమరికను మొదట పట్టుకున్నవాడు ఫ్రెంచి వైద్యుడు జేవియర్ బిషా. సూక్ష్మదర్శినిని నమ్మకుండా, శవాల్లోని భాగాలను కోసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆమ్లాల్లో నానబెట్టి ఏది ఎలా మారుతుందో చూశాడు. 1801 నాటికి శరీరంలో 21 రకాల కణజాలాలు ఉన్నాయని తేల్చాడు. మరుసటి ఏడాది ముప్పై ఏళ్ల వయసులో చనిపోయాడు. ఒకే రకం పొర గుండె చుట్టూ ఉన్నా, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్నా ఒకే తీరుగా జబ్బు పడుతుందని గమనించడం అతని అసలు ఘనత. కణమే జీవానికి మూలమన్న సిద్ధాంతం అప్పటికి ఇంకా పుట్టలేదు, అది 1830ల చివరి మాట. అంటే చరిత్రలో మనం కణం నుంచి కణజాలానికి ఎక్కలేదు, కణజాలం నుంచి కణానికి దిగాం. పాఠ్యపుస్తకాల్లో ఈ వరుస తిరగబడింది.

బిషా చెప్పిన 21 ఇప్పుడు నాలుగు పెద్ద కుటుంబాలుగా కుదించుకుపోయాయి. ఉపకళ, సంయోజక, కండర, నాడీ కణజాలాలు. వీటికి నేను సమాన స్థలం ఇవ్వను. మొదటి రెండూ బాగా అర్థమైతే మిగతావి సులువు.

ఉపకళ అంటే హద్దు. శరీరం బయటి ఉపరితలం, లోపలి గొట్టాల గోడలు, గ్రంథులు అన్నీ దానివే. మీరు తిన్నది రక్తంలోకి చేరాలన్నా, పీల్చిన ఆక్సిజన్ లోపలికి రావాలన్నా, మూత్రం బయటికి పోవాలన్నా ఉపకళను దాటక తప్పదు. హద్దు కాబట్టి కణాల మధ్య ఖాళీ దాదాపు ఉండదు. పైభాగాన పక్కపక్క కణాల పొరలు బిగుతుగా అతుక్కుని సందుల్లోంచి ఏదీ జారిపోకుండా మూసేస్తాయి. దాని కింద డెస్మోసోములు అనే బలమైన అతుకులు లాగుడును తట్టుకుంటాయి. అట్టడుగున హెమిడెస్మోసోములు అనే అతుకులు కణాన్ని ఆధార త్వచానికి, అంటే ఉపకళ కింద ఉండే పలుచని పొరకు, బిగించి ఉంచుతాయి.

ఈ అతుకులు చిన్న వివరాలనుకోకండి. పెంఫిగస్ అనే జబ్బులో రోగి సొంత యాంటీబాడీలు డెస్మోసోముల్లోని ప్రొటీన్ మీద దాడి చేస్తాయి. కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, చర్మం పైపొర లోపలే చీలి, తేలిగ్గా చిట్లే బొబ్బలు వస్తాయి. బుల్లస్ పెంఫిగాయిడ్‌లో దాడి అట్టడుగు అతుకుల మీద జరుగుతుంది. అప్పుడు పైపొర మొత్తంగా లేచి, దాని కింద గట్టి బొబ్బ ఏర్పడుతుంది. రెండింటిలోనూ దాడికి గురైంది కణం కాదు, దాని పట్టు. పట్టు ఏ మట్టంలో తెగిందో బొబ్బను చూసి చెప్పవచ్చు.

ఆధార త్వచం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే విద్యార్థులు దాన్ని బొమ్మలో ఒక గీతగా గీసి వదిలేస్తారు. ఉపకళలో సాధారణంగా రక్తనాళాలు ఉండవు. ఆహారం, ఆక్సిజన్ కింద ఉన్న సంయోజక కణజాలం నుంచి ఈ పలుచని పొరను దాటి పైకి రావాలి. అంతేకాదు, కణానికి ఏది పైన, ఏది కింద అన్న దిశాజ్ఞానం కూడా ఇక్కడి నుంచే అందుతుంది. మామూలు ఉపకళ కణం ఈ ఆధారం నుంచి విడిపోతే తనను తాను చంపుకునే ప్రక్రియను మొదలుపెడుతుంది. క్యాన్సర్ కణం ఆ నియమాన్ని పాటించదు. పెద్దల్లో వచ్చే క్యాన్సర్లలో అత్యధికం ఉపకళలో పుట్టినవే. అసాధారణ కణాలు ఎన్ని ఉన్నా ఆధార త్వచం తెగనంత కాలం అది ఉన్నచోటే ఉన్న దశ. రక్తనాళాలు, శోషరస నాళాలు ఉన్నవి అవతల కాబట్టి ఇతర అవయవాలకు పాకే దారి ఇంకా తెరుచుకోలేదు. తెగిందంటే చికిత్స మారుతుంది, వైద్యుడు రోగికి చెప్పే మాట మారుతుంది. బయాప్సీ నివేదిక కోసం ఎదురుచూసే కుటుంబానికి ఆ గీత ఎంత విలువైందో వేరే చెప్పక్కరలేదు.

ఉపకళల ఆకారాలు పనిని బట్టి ఉంటాయి. ఊపిరితిత్తుల వాయుగోణుల్లో, అంటే చిన్న గాలి సంచుల్లో, ఒకే వరుస, అదీ అత్యంత పలుచగా. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న మొత్తం అడ్డు చాలాచోట్ల ఒక మైక్రోమీటరు కంటే తక్కువ. రాపిడి ఎక్కువగా ఉండే చర్మంలో, ఆహారవాహికలో అనేక వరుసలు. చిన్నప్రేగులో పొడవైన స్తంభాకార కణాలు, వాటి మీద సూక్ష్మచూషకాలు అనే వేల సన్నని వేళ్లలాంటి మొలకలు. ఈ ప్రేగు కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోతాయి, మడతల అడుగున ఉన్న మూలకణాలు కొత్తవాటిని పైకి పంపుతూనే ఉంటాయి. ఆ తీరు కూడా మారగలదు. ఏళ్ల తరబడి పొగ తాగేవారి శ్వాసనాళాల్లో శైలికలు అనే సన్నని వెంట్రుకల్లాంటివి ఉన్న స్తంభాకార ఉపకళ స్థానంలో బల్లపరుపు కణాల బహుళ వరుసలు రావచ్చు. పొగను తట్టుకోవడానికి అది మెరుగే. కానీ కఫాన్ని పైకి నెట్టే శైలికలు పోతాయి.

ఇక సంయోజక కణజాలం. ఇక్కడ అంతా తిరగబడుతుంది. కణాలు తక్కువ, మాత్రిక ఎక్కువ. ఎముక, మృదులాస్థి, స్నాయుబంధనం, కొవ్వు, చర్మం లోపలి పొర ఇన్ని భిన్నమైనవి ఒకే కుటుంబం ఎలా అయ్యాయని చాలామంది అడుగుతారు. మాత్రికలో ఏ పోగులు ఉన్నాయి, ఎంత దట్టంగా ఉన్నాయి, వాటి మధ్య నీరు పట్టే పదార్థం ఎంత, ఖనిజం చేరిందా లేదా అన్నవే తేడాలు. ఎముకను ఆమ్లంలో నానబెడితే ఖనిజం కరిగిపోయి కొల్లాజెన్ మిగులుతుంది, అప్పుడు దాన్ని వంచవచ్చు. కాలిస్తే కొల్లాజెన్ పోయి ఖనిజం మిగులుతుంది, వేలితో నొక్కితే పొడి అవుతుంది. ఈ రెండూ చూసిన విద్యార్థికి ఎముక మాత్రిక గురించి పేజీలు పేజీలు చదివించనక్కరలేదు.

మాత్రిక ఒకసారి పోసి వదిలేసిన ముద్ద అనుకుంటే పొరపాటు. కొల్లాజెన్ సరిగ్గా ముడిపడటానికి విటమిన్ సి కావాలి. నెలల తరబడి తాజా పండ్లు, కూరగాయలు లేకుండా ప్రయాణించిన పాతకాలపు నావికుల్లో చిగుళ్లు రక్తం కారేవి, ఎప్పుడో మానిన పాత గాయాలు తిరిగి విచ్చుకునేవి. మానిన మచ్చలో కూడా కొల్లాజెన్ తీసివేత, చేర్పు ఆగలేదని, చేర్పు ఆగితే మచ్చ నిలవదని దీని అర్థం. నారింజ, నిమ్మ తిన్నవారు కోలుకున్నారని జేమ్స్ లిండ్ 1747లో ఓడ మీద చేసిన ప్రయోగంలో చూపించాడు, కారణం తెలియడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది.

అయితే ఈ మార్పు అన్నిచోట్లా ఒకే వేగంతో జరగదు. మీ మోకాలి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. చర్మం తెగినప్పుడు మొదట రక్తం కారుతుంది, గడ్డ కడుతుంది. ఆ గడ్డే తాత్కాలిక మాత్రిక. దానిలోకి తెల్ల రక్తకణాలు వస్తాయి, ఫైబ్రోబ్లాస్టులు అనే తంతు కణాలు వచ్చి కొల్లాజెన్ వేస్తాయి, కొత్త రక్తకేశనాళికలు మొలుస్తాయి, అంచుల నుంచి ఉపకళ పాకుతూ వచ్చి పైన మూసేస్తుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. నరాలు కూడా లేవు. రక్తం కారదు, కాబట్టి గడ్డ లేదు. గడ్డ లేదు కాబట్టి సహాయానికి వచ్చే కణాలకు దారీ లేదు, పిలుపూ లేదు. ఉన్న కొద్ది మృదులాస్థి కణాలు దట్టమైన మాత్రికలో చిన్న గూళ్లలో చిక్కుకుని ఉంటాయి, గాయం దగ్గరికి నడిచి రాలేవు. కీలు కదిలినప్పుడు నొక్కుడు, విడుపుల వల్ల ద్రవం కొంచెం లోపలికి, బయటికి ఆడుతుంది. వాటి పోషణంతా ఆ ద్రవం నుంచే.

1950, 60 దశకాల్లో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగింది, ఆ కాలంలో ఏర్పడిన శరీర పదార్థంలోనూ అది చేరింది. దాని ఆధారంగా మోకాలి మృదులాస్థి కొల్లాజెన్ వయసు లెక్కగట్టిన పరిశోధన 2016లో వెలువడింది. పెరుగుదల ఆగాక ఆ కొల్లాజెన్ దాదాపు మారదని తేలింది. యాభై ఏళ్ల మనిషి మోకాలిలో ఉన్నది చాలావరకు యవ్వనానికి ముందే అల్లినది. మృదులాస్థి కింద ఉన్న ఎముకకు సన్నని రంధ్రాలు చేసే శస్త్రచికిత్స ఒకటి ఉంది. ఎముకలో రక్తం ఉంది కాబట్టి రంధ్రాల గుండా రక్తం, మజ్జ కణాలు పైకి వచ్చి గడ్డ కడతాయి, గుంట పూడుతుంది. కాకపోతే పూడ్చేది అసలు నున్నని మృదులాస్థి కాదు, పోగులు ఎక్కువగా ఉండే నాసిరకం. కొంతకాలం పనిచేస్తుంది.

కండర, నాడీ కణజాలాల గురించి క్లుప్తంగా. ఎముకలను కదిలించే కండరంలో ఒక్కో పోగు అనేక కణాలు కలిసిపోయి ఏర్పడింది, అందుకే దానిలో వందల కేంద్రకాలు. గుండె కండర కణాలు విడివిడిగా ఉంటూనే కొసల దగ్గర అతుకులతో, విద్యుత్ సంకేతాన్ని నేరుగా దాటించే సూక్ష్మరంధ్రాలతో కలిసి ఉంటాయి. గుండె మొత్తం ఒకే లయలో ముడుచుకోగలగడం ఆ అతుకుల చలవే. గుండెపోటులో కణాలు చనిపోయిన చోట కొల్లాజెన్ మచ్చ ఏర్పడుతుంది. మచ్చ చిరగదు, కానీ ముడుచుకోదు, సంకేతాన్నీ సరిగా దాటించదు. తర్వాత లయ తప్పడానికి అదొక కారణం. నాడీ కణజాలంలో కణాల మధ్య ఉన్న ఖాళీ సుమారు 20 నానోమీటర్లు, ఆ సందులోనే ఒక నాడీకణం విడిచిన రసాయనం మరొకదాన్ని తాకుతుంది. మనోవైద్యంలో, నిద్రకు, మత్తుకు వాడే మందుల్లో చాలావరకు పనిచేసేది ఆ సందు దగ్గరే.

అవయవం దగ్గరికి వద్దాం. కణజాలం తర్వాతి మెట్టు అవయవం అని చదివి, ఒక్కో అవయవం ఒక్కో కణజాలంతో తయారైందని కొందరు అనుకుంటారు. గుండె అంటే కండరం, మెదడు అంటే నాడీ కణజాలం అన్నట్టు. దాదాపు ప్రతి అవయవంలోనూ నాలుగూ ఉంటాయి. చిన్నప్రేగు గోడనే అడ్డంగా కోసి చూడండి. లోపలి వైపు ఉపకళ, దాని కింద రక్తనాళాలు నిండిన సంయోజక పొర, తర్వాత రెండు దిశల్లో నడిచే నునుపు కండరం, ఆ రెండు కండర పొరల మధ్య నాడీకణాల వల, బయట మళ్లీ పలుచని ఉపకళ. ప్రేగు కదలాలంటే ఆ నాడీ వల రెండు కండరాల మధ్యే ఉండాలి. అదే కణాలు మరో చోట ఉంటే పనికిరావు.

నా దృష్టిలో అమరిక విలువ చెప్పడానికి కాలేయాన్ని మించిన ఉదాహరణ లేదు. దాని కణాలు పలుచని ఫలకాలుగా నిలబడి ఉంటాయి. ప్రతి కణం ఒక వైపు రక్తాన్ని తాకుతుంది, పొరుగు కణంతో కలిసే చోట పైత్యరసం పారే సన్నని కాలువను కట్టుకుంటుంది. రక్తం ఒక దిశలో, పైత్యరసం దానికి ఎదురు దిశలో. కాలేయానికి పెరిగే శక్తి అపారం, చాలా భాగం కోసి తీసేసినా మిగిలింది పెరిగి పని అందుకుంటుంది. అయినా కాలేయమంతా మచ్చలు పట్టే సిర్రోసిస్ జబ్బులో అది ఎందుకు ఓడిపోతుంది? కణాలు పెరగక కాదు. ఏళ్ల తరబడి దెబ్బ తగిలి, మధ్యమధ్య కొల్లాజెన్ పట్టీలు పడిపోయాయి. కొత్త కణాలు పుడుతూనే ఉన్నా ఫలకాలుగా కాక ఆ పట్టీల మధ్య ముద్దలుగా పెరుగుతాయి. రక్తం వాటిని తాకకుండా పక్కదారుల్లో పోతుంది, ప్రేగుల నుంచి వచ్చే సిరలో పీడనం పెరుగుతుంది, కడుపులో నీరు చేరుతుంది. ఉన్నవి బతికిన కాలేయ కణాలే, పోయింది వాటి వరుస.

అమరిక మీద ఇంకో కఠినమైన పరిమితి ఉంది, అది దూరం. ఆక్సిజన్ కణజాలంలో తనంత తానుగా వ్యాపించగలిగేది సుమారు 100 నుంచి 200 మైక్రోమీటర్ల వరకే. అందుకే చురుగ్గా పనిచేసే ఏ కణమూ రక్తకేశనాళికకు అంతకంటే దూరంగా ఉండదు. ప్రయోగశాలలో పలుచని చర్మాన్ని పెంచగలిగినంత సులువుగా మందమైన కాలేయాన్ని పెంచలేకపోవడానికి ముఖ్య కారణం ఇదే. కణాలు దొరుకుతాయి, వాటి మధ్య రక్తనాళాలను అల్లడమే కష్టం.

అవయవ వ్యవస్థలను మాత్రం మరీ బిగించి పట్టుకోకండి. అవి చాలావరకు మనం చదువుకోవడానికి గీసుకున్న గీతలు. క్లోమం జీర్ణరసాలు ఇస్తుంది, ఇన్సులిన్ కూడా ఇస్తుంది, కాబట్టి రెండు వ్యవస్థల్లోనూ ఉంది. మూత్రపిండం ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని పెంచే హార్మోనును విడుదల చేస్తుంది. కొవ్వును నిల్వ సరుకుగా చూస్తూ వచ్చిన శాస్త్రం 1994లో దాని నుంచి లెప్టిన్ అనే హార్మోను వస్తోందని కనుగొన్నాక లెక్క మార్చుకుంది.

మీరు సూక్ష్మదర్శిని కింద స్లైడులు చూసే అవకాశం ఉందని రాశారు కాబట్టి ఒక పద్ధతి చెబుతాను. మామూలు రంజకాల్లో కేంద్రకాలు నీలి ఊదా రంగులో, మిగతాది గులాబీ రంగులో కనిపిస్తాయి. కొత్తవారి కన్ను వెంటనే ఊదా చుక్కల మీదికి పోతుంది. మీరు చుక్కల మధ్య దూరం చూడండి. దగ్గరదగ్గరగా, ఒక స్వేచ్ఛా అంచు వెంట వరుస కట్టి ఉంటే ఉపకళ. దూరదూరంగా, మధ్యలో అలలు అలలుగా గులాబీ పోగులు ఉంటే సంయోజక కణజాలం. గులాబీ రంగు పొడవాటి పట్టీలుగా ఉండి, కేంద్రకాలు పట్టీ అంచుకు నెట్టినట్టుంటే కదిలించే కండరం. ఆ తర్వాతే పెద్ద కటకానికి మారండి. మొదటే పెద్దగా చేసి చూసేవారు కణాన్ని గుర్తుపడతారు గానీ ఏ అవయవమో చెప్పలేక తడబడతారు.

ఇక రక్తం. పై మాటల వెలుగులో చూస్తే చిక్కు విడిపోతుంది. విడివిడి కణాలు, వాటి మధ్య పుష్కలంగా మాత్రిక. ఆ మాత్రిక ప్లాస్మా, రక్తంలో సుమారు 55 శాతం. కణాలు ఎముక మజ్జలో, అంటే సంయోజక కణజాలంలో పుడతాయి. పిండంలో వాటి మూలం కూడా మిగతా సంయోజక కణజాలాల్లాగే మధ్యస్త్వచం, అంటే పిండంలోని మధ్య పొర. అభ్యంతరం చెప్పదగింది ఒకటుంది. మిగతా సంయోజక కణజాలాల్లో మాత్రికను అక్కడి కణాలే స్రవిస్తాయి, ప్లాస్మా ప్రొటీన్లను మాత్రం ఎక్కువగా కాలేయం తయారు చేస్తుంది. అందుకే కొన్ని పుస్తకాలు రక్తాన్ని విడిగా పెడతాయి, అది తప్పు కాదు. పోగులు ఏవని మీరు అడగవచ్చు. అవీ ఉన్నాయి, ఫైబ్రినోజెన్ రూపంలో కరిగి ఉన్నాయి. నాళం తెగిన చోట త్రాంబిన్ అనే ఎంజైము వాటిని ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది, ద్రవంగా ఉన్న మాత్రిక అక్కడికక్కడే వలలా గట్టిపడుతుంది.